‘ట’ తీసేసినవాళ్ళు

మేడం పోయారన్న కబురు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అప్పుడు నేను ఎల్బీనగర్ కూడలి దగ్గర మా పేపర్‌కి ఒక వార్త పని మీద ఉన్నాను. ‘మూడో అంతస్తు మేడం దవాఖానల పోయిండ్రు. గుండెపోటు’ అని అసోసియేషన్ ప్రెసిడెంట్ పెట్టాడు. కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చాయి. వాటి మధ్యలో ఒక కార్డు. మేడం ఫొటో, చుట్టూ తామరపూలు, అడుగున పెద్ద అక్షరాలతో ఒక వాక్యం: ‘ఆత్మకి చావు లేదు.’ ఆ మాట మేడం అన్నారని రాసి ఉంది.

అనలేదు. మేడం రాసింది ‘ఆత్మకి చావు లేదుట’ అని.

నేను రాస్తున్నది ఆ ఒక్క అక్షరం గురించే. ఆమె పోయినందుకు దుఃఖం ఉంది. కానీ రాద్దామని కూర్చుంటే దుఃఖం కంటే ముందు కోపం వస్తోంది. దాన్ని దాచిపెట్టి రాయడం నాకు చేతకాదు.

మేడం డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. గోదావరి వైపు మనిషి. కొత్తపేటలో మా పై ఫ్లాటులో చెల్లెలితో కలిసి ఉండేవారు. రిటైరయ్యాక ‘వినికిడి’ అని ఒక బ్లాగు మొదలుపెట్టారు. తెల్ల పేజీ, నల్ల అక్షరాలు, ప్రకటనలు లేవు. పొద్దున కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని ముందు ఇతరుల బ్లాగులు చదివేవారు. ఒక రైల్వే ఉద్యోగి కాలం గురించి రాసుకున్నది, ఎక్కడో ఒక నర్సు నొప్పి గురించి రాసుకున్నది. బాగున్నవి నాకు పంపేవారు. ఇంత చిన్న బ్లాగులు ఎందుకు చదువుతారని ఒకసారి అడిగాను.

“పుస్తకం రాసినాయన తను చెప్పదల్చుకున్నది చెప్పేసి వెళ్ళిపోతాడండీ. బ్లాగు రాసినాయన కింద కామెంట్ల పెట్టె తెరిచి కూచుంటాడు. ఎవరైనా వచ్చి కాదనాలి కదా. కాదన్నాకే తత్వం మొదలవుతుంది,” అన్నారు.

ఆమె పెట్టెలో క్రమం తప్పకుండా కాదనే మనిషి ఒకడుండేవాడు. ఎల్బీనగర్‌లో హార్డ్‌వేర్ షాపు. మేడం ఏది రాసినా ‘ఒప్పుకోను’ అని మొదలుపెట్టేవాడు. ఒకసారి అతని కామెంట్లు ఆగిపోయాయి. మేడం కంగారుపడి నన్ను వెంటబెట్టుకుని షేర్ ఆటోలో ఆ షాపు వెతుక్కుంటూ వెళ్ళారు. అతను మఫ్లర్ చుట్టుకుని కౌంటర్ వెనక కూర్చున్నాడు. అంతవరకూ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

“కామెంట్ రాలేదు. అందుకని వచ్చాను,” అన్నారు మేడం.

“జరమొచ్చింది మేడం, గంతే. జర తగ్గినంక మీరు చెప్పింది తప్పని రాద్దామనుకుంటున్న.”

“ఏది తప్పు?”

చాయ్ వచ్చింది, చల్లారింది. నట్లూ బోల్టులూ కొనడానికి వచ్చినవాళ్ళు నిలబడి విన్నారు. తిరిగొస్తూ ఆటోలో మేడం, “మంచి మనిషండీ. ఒక్క ముక్క ఒప్పుకోలేదు,” అని సంతోషపడ్డారు.

ఆ ‘ట’ సంగతి కూడా ఆమె నాకు ఒక పద్ధతిగా చెప్పారు. కంటితో చూసింది ‘ఉంది’. ఇంకొకరి దగ్గర విన్నది ‘ఉందిట’. పాత వాదాలన్నీ ఆమె ఈ ‘ట’ తోనే రాసేవారు. ఒక వారం ‘దేవుడు లేడుట’ అని శీర్షిక పెట్టి ఆ వాదం మొత్తం వివరిస్తే, మరుసటి వారం ‘దేవుడు ఉన్నాడుట’ అని అవతలి వాదం అంతే ఓపికగా వివరించేవారు.

“మా దిక్కు గూడ ‘ఉందంట’ అంటం గదా మేడం,” అన్నాను.

“అదే ఇదీ. మీ పేపర్లో ‘అని తెలిసింది’ అంటారే, మా ‘ట’కే కోటు తొడిగారు. మన భాష ఇంత మర్యాదగా మనకొక అక్షరం ఇచ్చింది. నాకు తెలీదు, విన్నాను అని ఒప్పుకోవడానికి. దాన్ని పారేసుకోకూడదు.”

ఆమె మంగళవారాలు చెల్లెలితో కర్మన్‌ఘాట్ గుడికి వెళ్ళేవారు. ఇన్ని వాదాలు రాస్తూ గుడికెందుకని అడిగితే, “వెళ్ళడం నాకు తెలుసు. మిగతాది విన్నాను,” అనేవారు.

ఇక కోపం సంగతి. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే ఒకాయన ఉన్నాడు. ఫేస్‌బుక్‌లో రోజుకొక మంచిమాట పెట్టే పేజీ కూడా ఆయనదే. మేడం ఇంటికొచ్చి, కాళ్ళకు దణ్ణం పెట్టి, ఆమె వాక్యాలు వాడుకుంటానని అడిగాడు. వాడుకోండి, అక్షరం మార్చకండి అన్నారామె. సరేనన్నాడు. ఆ తర్వాత ఆయన పేజీలో మేడం ఫొటోతో ‘దేవుడు లేడు’ అని వచ్చింది. ఫోన్ చేసి అడిగితే ఆయన చెప్పిన జవాబు నేను స్పీకర్లో విన్నాను.

“మేడం, ‘ట’ ఉంటే పంచ్ రావట్లేదు. స్టూడెంట్స్‌కి క్లారిటీ కావాలి.”

ఆ ‘దేవుడు లేడు’ కార్డు తిరిగి తిరిగి మా గ్రూపుకే వచ్చింది. సెల్లార్‌లో మీటింగు పెట్టారు. మేడం చెల్లెలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. ప్రెసిడెంటే మొదలుపెట్టాడు.

“మేడం, మీరు దేవుడు లేడని రాసిండ్రంట గదా?”

“‘రాసిండ్రంట’నా? మీరు చదివారా?”

“చదవలే. మా బామ్మర్ది పంపిండు.”

“అయితే మీరు పద్ధతిగానే మాట్లాడారండీ. విన్నదాన్ని ‘అంట’ అన్నారు. నేను రాసిందీ అంతే. ఆ ముక్క ఎవరో కోసేశారు.”

వెనక నుంచి ఎవరో అరిచారు: “గీ గ్రామరంత మాకెందుకు మేడం? ఉన్నడా, లేడా? చెప్పుండ్రి!”

“నాకు తెలీదండీ,” అన్నారు మేడం.

అంతకంటే నిజమైన మాట ఆ సెల్లార్‌లో ఆ రోజు ఇంకెవరూ మాట్లాడలేదు. దానికి దొరికిన ఫలితం ఇది. ఆ ఏడాది వినాయకుడి మండపానికి చెల్లెలు ఉండ్రాళ్ళు చేసుకొస్తానంటే వద్దన్నారు. లిఫ్టులో పలకరింపులు ఆగిపోయాయి. బ్లాగులో ఎవరెవరో వచ్చి, రాయరాని మాటలు రాసిపోయారు. మేడం కొన్నాళ్ళు వాటికి కూడా మర్యాదగా జవాబిచ్చారు. తర్వాత కామెంట్ల పెట్టె మూసేశారు. అది మూశాక రాయడమూ మానేశారు. ఎదుటి మనిషి లేకుండా ఆమె ఆలోచించలేరని నాకు తెలుసు. గుండెపోటుకు కారణాలు డాక్టర్లు చెప్పాలి, నేను చెప్పను. రాత ఎందుకు ఆగిందో మాత్రం నేను కళ్ళారా చూశాను. ఇక్కడ ‘ట’ పెట్టను.

బతికుండగా ‘ట’ కోసేసిన కత్తెరతో ఆమెను నాస్తికురాలిని చేశారు. పోయాక అదే కత్తెరతో తామరపూల మధ్య కూర్చోబెట్టారు.

పెద్దకర్మ అయిన మర్నాడు అదే సెల్లార్‌లో సంస్మరణ సభ. ఏర్పాట్లు కోచింగ్ సెంటర్ ఆయనవే. ఫ్లెక్సీ, మైకు, ప్రతి కుర్చీలో ఒక చిన్న పుస్తకం: మేడం జీవిత సత్యాలు. తెరిచి చూశాను. ఒక్క ‘ట’ లేదు. దేవుడి గురించి మేడం రాసినవాటిలో ‘ఉన్నాడు’ మాత్రమే ఉంచి, ‘లేడు’ తీసేశారు. ఎందుకని ఆయన్ని అడిగాను.

“పోయినామె మీద బ్యాడ్ నేమ్ ఉండొద్దు గదన్నా. క్లీన్ చేసినం.”

నేను జవాబు చెప్పేలోపు హార్డ్‌వేర్ షాపు ఆయన పుస్తకం ఎత్తి పట్టుకుని లేచాడు. “సార్, నేను మేడంతోని ఏండ్లకేండ్లు కొట్లాడిన. గీ బుక్కుల ఉన్నామెతోని ఎన్నడు కొట్లాడలే. గీమె ఎవరు?”

ప్రెసిడెంటు తల దించుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. కోచింగ్ ఆయన మైకు దూరంగా పెట్టి మేడం చెల్లెలి వైపు వంగాడు.

“అమ్మా, ఏమన్న మిస్టేకులుంటే నెక్స్ట్ ప్రింటింగ్‌ల సూద్దాం. ఇప్పుడైతే కానియ్యుండ్రి.”

ఆవిడ అక్కలాగా చదువుకున్న మనిషి కాదు, సభల్లో మాట్లాడిన మనిషీ కాదు. అక్క తను రాసింది బ్లాగులో పెట్టే ముందు పైకి చదివితే వినేది, అంతే. ఆ గొంతులో ప్రతి ‘ట’ ఎక్కడ పడేదో ఆవిడకు తెలుసు. అక్క ఏమనలేదో అదే అక్క మాటగా ఊరంతా చెప్పుకోబోతోందని కూడా అప్పటికి అర్థమైంది.

“తర్వాత కాదు బాబూ, ఇప్పుడే,” అంది. నా వైపు తిరిగి, “పెన్నుందా అండీ?” అని అడిగింది.

ఇచ్చాను. ఆవిడ తన కుర్చీలోని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మొదటి వాక్యం చివర, ఫుల్‌స్టాప్ మీదే ‘ట’ రాసింది. తర్వాత రెండో వాక్యం. హార్డ్‌వేర్ షాపు ఆయన తన పుస్తకం తెచ్చి పక్కన పెట్టాడు. తర్వాత రెండో అంతస్తు ఆవిడ తెచ్చింది. ఇంకొందరు వచ్చారు. అందరూ రాలేదు. పుస్తకం జేబులో మడిచి పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయినవాళ్ళను నేను చూశాను. ఆ తామరపూల కార్డు ఫోన్లలో ఇంకా తిరుగుతూనే ఉంది.

ఫ్లెక్సీ విప్పారు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చారు. ఆవిడ కూర్చున్న కుర్చీ మాత్రం ఎవరూ అడగలేదు. పెన్ను మొరాయించినప్పుడల్లా అరచేతి మీద గీసి చూసుకుని మళ్ళీ రాస్తోంది. ఆ అరచేయి నిండా నీలిగీతలు.