చేప మాస్టారి రక్తపరీక్ష

ఈత కొలనులో పిల్లలకు నేర్పే ఆయనను అందరూ చేప మాస్టారు అనేవారు. నీళ్లలో ఆయన కదిలే తీరు చూసి ఎవరో ముచ్చటపడి పెట్టిన పేరది. నలభై దాటాక మోచేతుల మీద ఎర్రటి మచ్చలు లేచి, తెల్లటి పొలుసులు రాలడం మొదలయ్యేసరికి ఆ పేరు వింటేనే ఆయనకు ఒళ్లు జలదరించేది. పిల్లలు ఎత్తిపొడుస్తున్నారేమోనని అనుమానం.

అది సోరియాసిస్. ఆయన అన్నయ్యకూ ఉండేది. పూతమందుతోనే ఏళ్లు నెట్టుకొచ్చిన అన్నయ్య ఒకరోజు బట్టలారేస్తూ గుండెపోటుతో కూలిపోయాడు. ఆ రెంటినీ ఎవరూ ముడిపెట్టలేదు. మాస్టారు మాత్రం లోలోపల ముడిపెట్టుకుని, ఏం బయటపడుతుందోనన్న భయంతో ఆసుపత్రి గడప తొక్కడమే మానేశారు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని గట్టు మీది నుంచే ఈల ఊదుతూ పాఠం చెప్పేవారు.

ఒకరోజు ఓ పాప నీళ్లు మింగి బెదిరిపోయి మునగబోయింది. మాస్టారు చొక్కాతోనే దూకి బయటికి తెచ్చారు. తడిసిన చొక్కా చేతులు పైకి జరిగి మచ్చలు బయటపడ్డాయి. పాప తల్లి చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఆ వెంటనే తువ్వాలు తీసి, ఆయన పట్టుకున్న చోటల్లా పాప ఒంటిని గట్టిగా తుడిచింది.

"ఏమనుకోకండి మాస్టారూ. అంటుకుంటుందేమోనని."

కాదని చెప్పడానికి ఆయనకూ నమ్మకం చాలలేదు. ఇంట్లో తన తువ్వాలు తనే వేరుగా పెట్టుకునే మనిషి మరి.

సంగతి విన్న భార్య ఆయనను చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఇది అంటుజబ్బు కాదని డాక్టరమ్మ మొదటి మాటలోనే తేల్చేసింది. ఆ తర్వాత ఆయన నడుము కొలిచి, బీపీ చూసి, రక్తపరీక్షలు రాసింది. చర్మం చూపిస్తే నడుము కొలుస్తారేమిటని మాస్టారు గాబరాపడ్డారు. లోపలి వాపు చర్మం దగ్గరే ఆగదని, కొందరిలో చక్కెర, కొవ్వు అదుపు తప్పి గుండె మీదికి వస్తుందని ఆమె చెప్పింది. మాస్టారు నోరు పెగల్చుకుని అన్నయ్య సంగతి చెప్పారు.

"ఆయనకి దీనివల్లే అలా అయిందని నేను చెప్పలేను. కానీ మీకు చూడకుండా వదలను," అంది డాక్టరమ్మ. పరిశోధన కోసం ఇంకో గొట్టం రక్తం ఇస్తారా అనీ అడిగింది. ఈ జబ్బున్నవాళ్ల రక్తంలో కొన్ని కొవ్వులు, మరికొన్ని పదార్థాలు మిగతావాళ్లకంటే వేరుగా ఉంటాయట. వాటిలో ఏది జబ్బును ఎగదోస్తోందో తేలితే, దాని మీదికే గురిపెట్టి మందు తయారు చేయవచ్చట. అది ఇప్పట్లో తేలేది కాదనీ దాచకుండా చెప్పింది.

"నేనెప్పుడు పోతానో అందులో తెలుస్తుందామ్మా?"

"ఎవరి రక్తంలోనూ తెలియదు మాస్టారూ."

అయినా ఆయన లేచి వసారాలోకి వెళ్లిపోయారు. లోతు నీళ్లకు జంకని మనిషికి సూది మొనంటే ఇంత వణుకా అంది భార్య, వెనకే వచ్చి.

"సూదికి కాదే. తెలిశాక తెలియనట్టు బతకలేను."

"ఇప్పుడు మాత్రం బతుకుతున్నారా? రోజూ చస్తూనే ఉన్నారుగా."

చివరికి లోపలికి వచ్చి రెండు గొట్టాల రక్తమూ ఇచ్చారు. ఫలితం వచ్చేదాకా ఊరికే గుండె మీద చెయ్యి వేసి చూసుకునేవారు. తీరా వచ్చాక చూస్తే చక్కెర హద్దు మీద ఉంది, కొవ్వు హద్దు దాటింది, గుండె ప్రస్తుతానికి బాగానే ఉంది. మందులు మొదలయ్యాయి. మచ్చలు కొంత పలచబడ్డాక ఆయన పొట్టి చేతుల చొక్కాతో కొలనుకు వెళ్లి, తల్లిదండ్రులకు జబ్బు సంగతి తనే చెప్పారు. కొందరు పిల్లలను మాన్పించారు. చాలామంది పంపారు.

ఆ వారమే అన్నయ్య కూతురు వచ్చింది. చుండ్రు తగ్గడం లేదని జుట్టు పాయ తీసి చూపించింది. చెవి వెనక ఎర్రటి అంచు, తెల్లటి పొలుసు. మర్నాడే మాస్టారు ఆ అమ్మాయిని డాక్టరమ్మ దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లారు. రక్తం తీసేచోట ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నిలబడ్డారు.

"బాబాయ్, మీ చెయ్యి ఇంత చల్లగా ఉందేంటి?" అంది ఆ అమ్మాయి.

ఏసీ ఎక్కువైందన్నారు మాస్టారు. ఆ గదిలో ఏసీ లేదు.