వచ్చే కాళ్లకు మాఫీ లేదు

“బండి స్టాండు పైసలు కట్టి లోపలికి పో అవ్వా.”

“బోర్డు మీద ఏం రాసున్నది? అపంగులకు మాఫీ అని లేదా? నేను మూడో తరగతి చదివిన పిలగా, మరాఠీ అక్షరాలు నాకూ వస్తయ్.”

“సర్టిఫికెట్ చూపెట్టు మరి.”

“గది లోపల ఇస్తరు. దానికోసమే పోతున్న.”

“ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్టున్నది. కాయితం రాకముందే మాఫీనా?”

“రెండు పాదాలు చచ్చుబడి యాలాడుతున్నయ్. కండ్లు లేవా నీకు?”

“జర సేపైతే లేదు, నువ్వే అంటివి గద, ఈ కాళ్లు మళ్లొస్తయని. వచ్చే కాళ్లకు మాఫీ లేదవ్వా. ఎన్నటికీ రానోళ్లకే.”

“అయితే రావనుకో! ఈ జన్మల రావు. చాలా? ఇగ ఆ అడ్డం కట్టిన తాడు తియ్యి.”

స్టాండు వాడు నవ్వాడు. బండి పట్టుకుని నిలబడ్డ నా కొడుకు సమ్మయ్య మాత్రం నవ్వలేదు. నా వైపు చూడకుండా వాడి చేతిలో పైసలు పెట్టాడు. మహారాష్ట్రలోని సిరొంచలో, వికలాంగులకు సర్టిఫికెట్లిచ్చే అపంగుల శిబిరం నాడు జరిగిన సంగతి ఇది. దుబారా చేసినందుకు కొడుకును తిట్టుకుంటూనే, వాడి భుజం పట్టుకుని లోపలికి వెళ్లాను.

మాది సిరొంచ దగ్గరి అంకిస. శిబిరానికి రెండేళ్ల ముందు వరికోతల్లో మొదలైంది ఈ రోగం. అంతకు ముందు వారం విరేచనాలు పట్టి తగ్గాయి. ఆ రోజు గట్టు మీద నడుస్తుంటే వెనక నుంచి కోడలు అరిచింది: “అత్తమ్మా, నీ చెప్పు ఈడనే పడ్డది!” చెప్పు ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియలేదు. పాదాల్లో చీమలు పాకినట్టు తిమ్మిరి. మర్నాడు గొంతుక్కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. ఆ తర్వాత చెంబు ఎత్తలేకపోయాను. నొప్పి లేదు, జ్వరం లేదు. జ్వరం కూడా లేకుండా మనిషి ఇలా పడిపోతుందా అని నాకు నమ్మబుద్ధి కాలేదు.

మంచంతో సహా పడవెక్కించి గోదావరి దాటించారు. వరంగల్ దవాఖానలో వెన్నులోంచి నీరు తీశారు, నరాలకు కరెంటు పెట్టి టెస్టు చేశారు. “జీబీ సిండ్రోమ్ అమ్మా. రోగాల మీద పోవాల్సిన మీ ఒంటి బలం మీ నరాల మీదికే తిరిగింది. ఊపిరి దాకా రాకపోతే గెలిచినట్టే” అన్నాడు డాక్టరు. ఊపిరి దాకా వచ్చింది. ఐసీయూలో వేశారు, గొంతులో పైపు పెట్టారు. అన్నీ వినబడేవి, వేలు కదిలేది కాదు. నర్సులు నా తల మీదుగా కూరల ముచ్చట చెప్పుకుంటుంటే, అంత నూనె పోస్తారా అని తిట్టాలనిపించేది. నోరు లేదు.

సూదిమందులు పడ్డాక ఊపిరి కుదిరింది, చేతులు వచ్చాయి, తొడలు వచ్చాయి. మోకాళ్ల కింద మాత్రం రాలేదు. “చూద్దాం, మెల్లగా వస్తుంటుంది” అన్నారు. ఫిజియోథెరపీ చేయించే ఆమె స్ప్లింట్లు కొనమంది. పాదం కిందికి వాలకుండా కట్టుకునేవి. నాలుగు నాళ్లలో వచ్చే కాళ్లకు ఖర్చెందుకు అన్నాను. ఇంటికొచ్చాక కోడలు వేడి ఇసుక మూటతో కాపడం పెట్టింది. నాకు వేడి తెలియలేదు. మూట తీస్తే చర్మం దాని వెంటే వచ్చింది. ఆ పుండు మానేసరికి వానాకాలం గడిచింది.

అయినా నా ధ్యాసంతా నాట్ల మీదే. పొలాన్ని ఒక్కో కారు పంటకే కౌలుకు ఇస్తూ వచ్చాను, వచ్చే కారుకు నేనే మడిలో దిగుతానని. చివరిసారి వరంగల్ వెళ్లినప్పుడు డాక్టరు సమ్మయ్యను ఒక్కణ్ణే లోపలికి పిలిచాడు.

“ఏమన్నడురా?”

“కసరత్తు మానొద్దన్నడు.”

కొన్నాళ్లకు వాడు పక్క చక్రాల స్కూటరు తెస్తానన్నాడు. “నువ్వు నడిచేదాకనే అమ్మా. నీ పేరు మీద కొని సర్టిఫికెట్ పెడితే పన్ను మాఫీ.” మాఫీ అనగానే సరేనన్నాను. బండి కొన్నాడు; శిబిరానికి నన్ను దాని మీదే కూర్చోబెట్టుకుని నడిపాడు.

శిబిరంలో డాక్టరు మరాఠీ మనిషి. నాకు ఆ భాష వచ్చు. సుత్తితో కొట్టి, సూదితో గుచ్చి చూశాడు. పాదం పైకి వంచబోతే వంగలేదు. బిగుసుకుపోయింది.

“స్ప్లింట్లు ఏవి?”

“కొనలేదు సాబ్. ముందు పర్మనెంట్ అని రాయండి, బండి పన్ను పోతది. కాళ్లు వచ్చినప్పుడు వస్తయ్.”

ఆయన కలం ఆపాడు. “మీరు చెప్పినందుకు రాయడం లేదమ్మా. ఇది పర్మనెంటే. ఇన్నాళ్లూ రానిది ఇక రాదు. మీకెవరూ చెప్పలేదా?” ఆ ప్రశ్న నన్ను కాదు, సమ్మయ్యను చూస్తూ అడిగాడు.

గేటు దగ్గర నేను అంత సులువుగా విసిరిన మాట, ఆ గదిలో ఇంకొకరి నోట వింటే చెవులు గింగురుమన్నాయి.

“నీకెరుకేనారా?”

“పోయిన ఎండకాలమే చెప్పిండ్రు. నీకు చెప్తే కసరత్తు ఇడిచిపెడ్తవని...”

“కారు కారుకు నేను పొలం ముచ్చట తీస్తుంటే నోరెట్ల మూసుకున్నవ్ రా!”

డాక్టరు స్టాంపు గుద్దాడు.

బయట స్టాండు వాడు కాగితం చూసి పైసలు తిరిగి ఇచ్చాడు. తీసుకున్నాను. మాఫీ మాఫీయే.

తర్వాత బండి పన్ను కూడా మాఫీ అయింది. ఇప్పుడు స్ప్లింట్లు కట్టుకుని, కర్ర పట్టుకుని వాకిలి దాటుతున్నాను. చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు గదిలోకి రోగి తానే పోవాలి. ఎంత వస్తుంది, ఎంత రాదు అని తన నోటితోనే అడగాలి. ఎవరో మన మీద ప్రేమతో దాచిన జవాబుతో కాళ్లు బాగుపడవు.

శిబిరం మర్నాడు పొద్దున్నే కౌలుదారును పిలిపించి, పొలం మూడేళ్ల కౌలుకు మాట ఇచ్చేశాను. ఆయన వెళ్లాక సమ్మయ్యను బండి వెనక కూర్చోమని, హ్యాండిలు నేను పట్టుకున్నాను.

“మెల్లగ అమ్మా, మెల్లగ!”

బండి పోయి గడ్డివాముకు గుద్దుకుంది.

“దిగి వెనక్కి గుంజు” అన్నాను.

గుంజాడు. మళ్లీ ఎక్కి కూర్చున్నాడు.