మామ తెచ్చిన ఎక్స్‌రే

నేను బెంగళూరులో మూత్రకోశ వ్యాధుల సర్జన్ని. మా ఆసుపత్రి రోబో కొన్నప్పటి నుంచి నాకు తలనొప్పి మొదలైంది. మొదట్లో దాన్ని ప్రోస్టేట్ క్యాన్సర్‌కే వాడేవాళ్లం. తర్వాత కిడ్నీకి, ఆ తర్వాత చేత్తో గంటలో అయిపోయేవాటికీ అదే. "ఈ వారం మిషన్ ఖాళీగా ఉంది డాక్టర్" అంటూ మేనేజరు నా గది గుమ్మంలో నిలబడేవాడు. ఖాళీగా ఉంటే నేనేం చెయ్యను, నా కడుపు కోసుకోనా? అయినా దాచడమెందుకు, ఆ యంత్రమంటే నాకూ మోజే.

మా మేనమామకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలినప్పుడు బంగారుపేటలో ఆయన ఇంట్లో కూర్చుని గంటసేపు దాని గొప్పలే చెప్పాను. చిన్న రంధ్రాలు చాలన్నాను, మూడో రోజు ఇంటికొచ్చేస్తావన్నాను. "పొట్టలో గ్యాస్ నింపి తల కిందికి వాలుస్తాం. ఊపిరితిత్తులు బాగుండాలి మామా" అని కూడా చెప్పాను.

"నా ఎదకేమప్పా, గుండ్రాయి మాదిరి ఉండాది" అన్నాడు.

ఎక్స్‌రే అక్కడే తీయించి తెచ్చాడు. ఒక్క మచ్చ లేదు. మత్తు డాక్టరుకు అదే చూపించాను. మామ చాంపియన్ రీఫ్స్ బంగారు గనిలో, దాన్ని మూసేదాకా భూమి లోపల పనిచేసిన మనిషి. అన్నేళ్లు రాతి దుమ్ము మింగిన ఎదలో మచ్చ లేకపోవడమేమిటని ఆ గని కూలీల లైను ఇళ్లలోనే పెరిగిన నా బుర్రకు తట్టలేదు.

ఆపరేషన్ నాడు గ్యాస్ నింపి బల్ల వాల్చామో లేదో ఆక్సిజన్ పడిపోసాగింది. బల్ల సరిచేసి, గ్యాస్ తీసేసి, ఎలాగో మనిషిని దక్కించుకున్నాం. గడ్డను ముట్టుకోకుండానే కుట్లు వేసి బయటికొచ్చాను.

మర్నాడు వార్డులో నిలదీశాను. "ఆ ఎక్స్‌రే ఎవరిది?"

"పక్కింటోడిది" అన్నాడు మామ, తల తిప్పకుండా. "గనిలో ఏటేటా ఎద ఫొటో తీస్తా ఉండినారు. దుమ్ము కనపడితే లోపలి పని పోయేది. అందుకని బాగుండేవోడు ఇంగొకడి పేరుతో పోయి నిలబడేది. అందరూ చేసినదే కదప్పా. దుమ్ముండాదంటే నువ్వు మిషన్ పెట్టవని..."

"ఇక్కడ పోయేది పని కాదు మామా, ప్రాణం" అని వార్డంతా వినేలా అరిచాను. నర్సు తొంగిచూసింది. అరుస్తున్నానే గానీ నా మీద నాకే రోత పుట్టింది. మిషన్ ఆశ పెట్టింది నేనే కదా.

మామ నా వైపు తిరిగాడు. "సరే, మిషన్ వద్దు. నడుముకు మత్తిచ్చి, ముందు కాలం మాదిరి చేత్తో కోసేసెయ్. నువ్వు చేస్తే నాకేమీ భయం లేదు."

ఆయన ఎదకు అదే సరైన దారి. కానీ ఆ ఆపరేషన్ చేత్తో చేసి నాకు ఏడేళ్లయింది. నా జూనియర్లు కంటితో చూసినవాళ్లు కూడా కాదు. నాకు నేర్పిన పెద్దాయన రోబో వద్దన్నందుకు మేనేజ్‌మెంటుతో పడక వెళ్లిపోయాడు. అప్పుడు నేను ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడాయన కాళ్లు పట్టుకోవాలి.

"నాకు చేతకాదు మామా. వేరే డాక్టరు దగ్గరికి పోదాం" అన్నాను.

హాస్యమాడుతున్నాననుకుని నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు.

"అయితే ఇన్నాళ్లూ చేసింది నువ్వు కాదా అప్పా?"