పెంటకుప్ప పేరు, పాసుపోర్టు

మలయాలో నర్సు ఉద్యోగం వచ్చిందని నేను గంతులేస్తుంటే, మద్రాసు పాసుపోర్టు ఆఫీసు నుంచి నా దరఖాస్తు తిరిగొచ్చింది. ఎలిమెంటరీ బడి కాగితంలో ఒక పేరు, నర్సింగు సర్టిఫికెట్టులో ఇంకో పేరు. రెండూ ఒక మనిషివేనని స్టాంపు కాగితం మీద రాయించి, పేపర్లో ప్రకటన వేయించి, ఆ ముక్క కత్తిరించి పంపమన్నారు. నెలలోగా పంపకపోతే ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

తప్పు నాదే. హైస్కూల్లో చేరిన రోజు హెడ్మాస్టరు పేరడిగితే, ఇంట్లో పెట్టింది మింగేసి నాకు నచ్చింది చెప్పాను. ఏం చేయను! నాకు ముందు పుట్టిన ముగ్గురూ ఏడాది తిరక్కుండానే పోయారు. నన్నయినా దక్కించుకోవాలని మా అమ్మ చేటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలితే, ఎదురింటామె ఎత్తుకుని, గుప్పెడు తవుడు పుచ్చుకుని మళ్లీ మా అమ్మకే అమ్మింది. పేరు కూడా ఆ పెంట పేరే పెట్టారు, చెత్తని యముడు ముట్టడని. యముడి సంగతేమో గానీ, బడిలో పిల్లలు మాత్రం నన్ను వదల్లేదు. ఆ పేరు ఇక్కడ కూడా రాయను.

ప్రకటన సంగతి వినగానే మా అమ్మ గరిటె కింద పడేసింది.

"ఇన్నేళ్లు దాచినానే నిన్ను! ఇది చెత్త కాదు, మంచి పిల్లేనని ఇప్పుడు పేపర్లో ఏసి చెప్తావా వాడికి?"

"యముడు పేపరు చదువుతాడా అమ్మా?"

"చదవడని నువ్వు చూసినావా?"



నేను ఊరుకుంటానా? ప్రకటన వేయించాను. ముత్తుకూరు పక్కనున్న మా ఊరికి వచ్చేవి రెండే పేపర్లు, ఒకటి టీ కొట్టుకి, ఒకటి మునసబు గారింటికి. ప్రకటన పడే రోజు పొద్దున్నే పరుగెత్తాను. రెండు చోట్లా లేదు.

"మీ అమ్మ లాక్కొని పోయిందమ్మా. నేనింకా సినిమా బొమ్మ చూస్తానే ఉండా," అన్నాడు టీ కొట్టాయన.

ఇంటికి పోతే పొయ్యి భగభగ మండుతోంది.

"రెండూ పొయ్యిలో ఏసేసినా," అంది అమ్మ తలెత్తకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. "నా బతుకు కాల్చేశావు గదమ్మా! మంచి పేరు పెట్టుకుంటే చచ్చిపోతానా?" అని అరిచాను.

అమ్మ కట్టె లోపలికి తోసింది. "వాళ్ల ముగ్గురికీ మంచి పేర్లే పెట్టినా," అంది.

ఆ పేర్లేమిటని అంతవరకూ నేను అడగనే లేదు. సిగ్గుపడ్డాను. అప్పుడు అడిగాను. ఒక్కొక్కటే చెప్పింది. మూడోది చెప్పేసరికి అన్నం మాడింది.

మర్నాడు నెల్లూరు పోయి ఏజెంటు దగ్గర ఇంకో పేపరు సంపాదించాను. గడువు దాటిపోతుందని నేనే మద్రాసు పట్టుకుపోతే, పాసుపోర్టు ఆఫీసులో తెలుగు గుమాస్తా ఒకాయన కాగితాలన్నీ చూసి, నా పాత పేరు దగ్గర ఆగి, మొహమాటంగా నవ్వాడు.

"కొత్తది ఒక్కటే రాస్తే సరిపోతుందమ్మా. ఇది కూడా పక్కన ఉండాలా?"

"ఉండాలి సార్," అన్నాను. "ఎవరు చూసినా ముందు అదే కనబడేట్టు రాయండి."