చెవి కోసిన కుక్క

చెరుకు కొట్టేవాళ్లు దిగిన రోజుల్లో, ఒక పొద్దున మా కుక్క మెడ కింద రక్తంతో ఇంటికి వచ్చింది.

వాళ్లు మహారాష్ట్ర నుంచి ఎడ్లబండ్ల మీద వస్తారు. పిల్లలు, కోళ్లు, కుక్కలు అన్నీ వెంటే. మా ఇల్లు బోధన్ దాటాక, ఎప్పుడో వలస వచ్చిన రైతుల క్యాంపును ఆనుకొని ఉంటుంది. వెనక గోడ దాటితే చెరుకే. ఆ బండ్ల కింద తిరిగే ఎర్ర కుక్క ఒకటి తేడాగా ఉందని, ఎవరిదో దూడను కరిచిందని రెండు రోజులుగా అందరూ అంటున్నారు. ఆ తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. చచ్చిందో, ఎటు పోయిందో తెలియదు.

నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను. కుక్క వచ్చి చాట పక్కన పడుకుంది. చూస్తే మెడ కింద పంటి గాట్లు. రోజూలాగే నా మనవరాలు దాని వీపు మీద తల పెట్టబోయింది. రెక్క పట్టి వెనక్కి లాగాను. ఇంకా బడికి పోని పిల్ల, బిత్తరపోయి ఏడుపు మొదలుపెట్టింది.

నా కొడుకు బైకు తుడుస్తూ ఇటు చూశాడు. "ఎందుకు భయపడ్తవ్ అవ్వ? దానికి టీకా పడ్డది గద."

"పడ్డది," అన్నాను. అన్నానే గాని చాట మీద చెయ్యి ఆడలేదు. లేచి గాయానికి పసుపు అద్దాను. లోపలికి పోయాను. మళ్లీ బయటికి వచ్చి చూశాను.

టీకా పడిందని మేము అనుకోవడానికి కారణం ఉంది. వానాకాలంలో కుక్కలను పట్టే వ్యాన్ మా వీధికి వచ్చింది. మా కుక్క అంతకు ముందే కొన్నాళ్లు ఇంటికి రాకుండా పోయి, బక్కచిక్కి తిరిగొచ్చింది. నేను దాన్ని పట్టుకొని వ్యాన్ దగ్గరికి పోయి, మాది కూడా రాసుకోండి అన్నాను. వల పట్టుకున్న మనిషి దాని తల నిమిరి, చెవి పట్టి చూసి, "దీనికి సూది, ఆపరేషన్ రెండు అయినయి అవ్వ. తీస్కపో," అన్నాడు. కనబడకుండా పోయినప్పుడు వీళ్లే పట్టుకుపోయి ఉంటారనుకున్నాను. పని తప్పిందని సంతోషపడ్డాను కూడా.

ఆ సంతోషం ఇప్పుడు లోపల గుచ్చుతోంది. ఎందుకంటే మొన్న కార్తీకంలో మగకుక్కలు మా గేటు ముందు నుంచి కదల్లేదు. మా కుక్కను లోపల కట్టేసి, కట్టె పట్టుకొని ఎన్నిసార్లు తరిమినా తిరిగి వచ్చాయి. ఆపరేషన్ అయిన ఆడకుక్క కోసం అవి అంతగా ఎందుకు కాపు కాస్తాయి? అప్పుడు ఆ మాట తోచలేదు. ఇప్పుడు అదే ఆలోచనలో పొయ్యి మీద అన్నం పెట్టి మరిచిపోయాను. మాడు వాసన వచ్చాక దించి, ఇక ఆగలేక మా బావ ఇంటికి పోయాను. బావ అంటే నా భర్తకు అన్న. ఆ కుక్క ఆయన మాట తప్ప ఎవరి మాటా వినదు.

"దవాఖానకు పోదాం బావ. నాతోని కాదది."

"పసుపు పెట్టినవ్ గద. కుక్కకు ఆటో ఎక్కే యోగం గూడ పట్టిందా?" అన్నాడు. అంటూనే చెప్పులు తొడిగాడు.

ఆటో అతను మొదట ఎక్కించుకోనన్నాడు. బావ తన తువ్వాలుతో కుక్క మూతి కట్టి, కాళ్ల మధ్య పెట్టుకొని కూర్చున్నాక ఒప్పుకున్నాడు. దారంతా చెరుకు బండ్లు అడ్డం. నాకు దిగి నడిస్తే ముందు చేరతానేమో అనిపించింది. "దిగుతవా ఏంది, అంచుకు కూసున్నవ్?" అని బావ రెండుసార్లు గదమాయించాడు.

పశువుల దవాఖానలో బర్రెలు, మేకలు, సంచిలో పిల్లిని పట్టుకొచ్చిన ఒకామె. మా వంతు వచ్చేదాకా నేను గోడ మీది అక్షరాలు కూడబలుక్కుంటూ నిలబడ్డాను. ముసలితనంలో మహిళా సంఘంలో నేర్చిన చదువు నాది. ఒక్కో మాట పట్టుకోవడానికి సమయం పడుతుంది. కుక్కను తెచ్చేవారు టీకా కార్డు తేవలెను అని ఉంది. మాకు కార్డు లేదు. సూది వేసినవాళ్లు కార్డు ఇవ్వరా? ఆ మాట దగ్గరే నా చూపు నిలిచిపోయింది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కుక్కను చూడగానే చెవి పట్టుకుంది.

"టీకా పడ్డ కుక్కనే గదమ్మ. ఆపరేషన్ చేసినప్పుడు రేబిస్ సూది వేసి, మత్తుల ఉండంగనే చెవి కొస తీస్తరు. మళ్లీ అదే కుక్కను పట్టకుండ గుర్తది."

అంటే వ్యాన్ మనిషి చూసింది ఆ చెవినే. "మరి కార్తీకంల మగకుక్కలు మా గేటు ఇడువలేదు మేడం," అన్నాను.

ఆమె నా మొహం చూసింది. బావతో కుక్కను వెల్లకిలా పట్టించి, పొట్ట మీద, పక్కల మీద వెంట్రుకలు పక్కకు తీసి తీసి వెతికింది. "కుట్టు లేదు. ఈ చెవి ఎవరు కోసిండ్రు?"

"నేనే కోసిన," అన్నాడు బావ, మెచ్చుకుంటారేమో అన్నట్టు. "పిల్లగ ఉన్నప్పుడు. గొర్ల బొచ్చు కత్తిరించే కత్తెరతోని."

"ఎందుకు?"

"చెవి కోస్తే కాపలకు గట్టిగుంటది. కోయకుంటే దొంగ వచ్చినా తోక ఊపుతది. మా దిక్కు అందరం కోస్తం."

"అయితే మీ దిక్కు కుక్కలన్నిటిని మా వ్యాన్ దాటుకుంట పోతున్నదన్నట్టు."

"మీరు గిట్ల గుర్తు పెట్టుకున్నరని మాకు ఎవరు చెప్పిండ్రు?" అన్నాడు బావ. "చెవులు కోసుడు మీ వ్యాన్ కన్న ముందటిది."

డాక్టరమ్మ మమ్మల్ని కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. చేతులకు తొడుగులు వేసుకొని, నేను పెట్టిన పసుపంతా పోయేదాకా సబ్బుతో గాయం కడిగింది. సూది వేసింది. ఈ సూదులు వరుసగా పడాలని, ఒక్కటి తప్పినా లాభం లేదని చెప్పింది. పడినా సరే, నెలల తరబడి విడిగా కట్టి ఉంచాలంది. తిండి మానినా, గొంతు మారినా, మనుషులను చూసి తేడాగా చేసినా ముట్టుకోకుండా కబురు చేయాలి. పిల్ల దగ్గరికి పోనే పోవద్దు. తర్వాత నా చేతులు తిప్పి చూసింది. చెరుకు ఆకు కోసిన గీతలు నా వేళ్ల నిండా ఉంటాయి. "మీరు మనుషుల దవాఖానకు ఈ రోజే పోవాలె. గాయం ముట్టిండ్రు."

నేను పోయాను, సూది వేయించుకున్నాను. సాయంత్రం ఇంట్లో అసలు గొడవ మొదలైంది.

"టీకా లేదా?" నా కొడుకు మంచం మీది నుంచి లేచాడు. "అయితే రేపు సంచిల కట్టుకొని పోచంపాడ్ దిక్కు ఇడిసొస్త. డ్యాం కాడ చేపలు తిని బతుకుతది."

"గాడ పిల్లలు లేరా?"

"నీకు నా బిడ్డ ఎక్కువనా, కుక్క ఎక్కువనా?"

"నీ బిడ్డ కోసమే అంటున్న. ఈడుంటే కట్టేసి కనిపెట్టుకుంటం. ఇడిసినంక తిరిగి రాదని ఏం నమ్మకం? అద్దమ్మరాత్రి వచ్చి వాకిట్ల పండితే, పొద్దున్నే లేచి దాని మీద తల పెట్టేది ఎవరు?"

చివరికి వాడు పక్క గోడ అవతలి కొట్టంలో కట్టమన్నాడు. తలుపుకు తానే గొళ్లెం బిగించాడు.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. లోపలికి నేనొక్కదాన్నే పోయేదాన్ని. నీళ్ల గిన్నె కర్రతో ముందుకు నెట్టి, అది తాగేదాకా అక్కడే నిలబడేదాన్ని. ఒకరోజు ఎండెక్కినా తాగలేదు. నేను ఇంటికీ కొట్టానికీ తిరుగుతూనే ఉన్నాను. పొద్దుగూకే ముందు గిన్నె మొత్తం తాగింది. ఇంకోరోజు బొంగురుగా మొరిగింది. బావను పిలిచి వినమన్నాను. "గొలుసు లాగి లాగి గొంతు పోయింది, నిన్ను కట్టేస్తే నీ గొంతు గూడ గట్లనే ఉంటది," అన్నాడు. అయినా డాక్టరమ్మకు ఫోన్ చేసేదాకా నేను ఊరుకోలేదు.

బావ ఊరుకున్నట్టు కనిపించాడు గాని ఊరుకోలేదు. వ్యాన్ మళ్లీ వచ్చినప్పుడు తువ్వాలు భుజాన వేసుకొని దాని ముందు నడిచాడు. చెవి చూసి వాళ్లు వదిలేసిన కుక్క దగ్గర ఆగి, "ఇది నా కత్తెర. పట్టున్రి," అనేవాడు. కొన్నిటి దగ్గర తల అడ్డంగా ఊపి, "ఇది మీదే," అనేవాడు. క్యాంపు వాళ్లు నవ్వారు. ఎవరి ముందూ తల వంచని మనిషి, ఆ రోజు నవ్వులన్నీ భరించి వీధి చివరిదాకా పోయాడు.

నా మనవరాలు నాతో మాట్లాడటం మానేసింది. గొళ్లెం పెట్టిన తలుపు ఇవతల కూర్చొని, సందులోంచి దానికి కథలు చెప్పేది. నేను వచ్చి రెక్క పట్టి లేపేదాన్ని. కొంతసేపటికి మళ్లీ అక్కడే ఉండేది. వేళ్లు సందులో పెట్టిందేమోనని ప్రతిసారీ చేతులు చూసేదాన్ని.

ఎండలు ముదిరి వానలు పడ్డాక డాక్టరమ్మ స్వయంగా ఇంటికి వచ్చింది. కుక్కను అన్ని వైపులా చూసి, ఇక విప్పవచ్చంది. ఏటా సూది మాత్రం తప్పించవద్దని, ఈసారి నిజంగానే ఆపరేషన్ చేయించాలని చెప్పి, కార్డు నా చేతిలో పెట్టి పోయింది.

నా కొడుకు గొళ్లెం తీశాడు. నేను గొలుసు విప్పాను. కుక్క లేచి, గొలుసు ఉన్నంత దూరమే వచ్చి ఆగిపోయింది. పిల్ల గడప దగ్గర నిలబడి నా వైపు చూసింది. ఇన్నాళ్లకు మొదటిసారి అడిగింది.

"నానమ్మా, పోవాల్నా?"

కొడుకు కూడా నన్నే చూస్తున్నాడు. డాక్టరమ్మ చెప్పింది, కార్డు చేతిలో ఉంది, అక్షరాలు నేను చదవగలను. అయినా పిల్ల దగ్గరికి పోయి భుజం మీద వేసిన చెయ్యి తీయలేకపోయాను. పిల్ల విదిలించుకోలేదు, ఎదురుచూసింది.

"పో," అన్నాను.

పిల్ల పోయి దాని పక్కన కూర్చుంది. నేను కొట్టం తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపలికి వచ్చి తినమని కొడుకు రెండుసార్లు పిలిచాడు. వస్తున్న అన్నాను గాని కదల్లేదు.