పెద్దసారు నోటుబుక్కులో మా అమ్మ మాట

పెద్దసారు పోయారన్న సంగతి నాకు సిరిసిల్లలో, మధ్యాహ్నం అన్నం తినే వేళ తెలిసింది. నేను బట్టలు కుట్టే యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. మిషన్లు ఆగితేనే ఫోన్ చూసుకోవడానికి వీలవుతుంది. చూస్తే అమ్మవి నాలుగు మిస్డ్ కాల్స్. తిరిగి చేయగానే, "పెద్దసారు పోయిండట బిడ్డా. జగిత్యాల దవాఖాన్ల పొద్దుగాల పానం ఇడిసిండట," అంది. "ఇగ గా నోటుబుక్కు ఏమైతదో," అంది ఆ వెంటనే. మనిషి పోయినప్పుడు అడగాల్సిన మొదటి మాట అది కాదు. కానీ సరిగ్గా అదే నా మనసులోనూ ఉండడంతో అమ్మను ఏమీ అనలేకపోయాను.

ఆయన కథలాపూర్‌కూ మేడిపల్లికీ మధ్యనున్న మా ఊరి హైస్కూలుకు హెడ్మాస్టరు. ఊరందరికీ పెద్దసారు. చిన్న బడి మాది. ఆరు నుంచి పది దాకా అందరం ప్రార్థనకు నిలబడినా గ్రౌండ్‌లో ఒక మూల కూడా నిండేది కాదు. పొద్దున ఆయన కోరుట్ల నుంచి బస్సులో వచ్చి దిగేసరికి, మా ఊరి పిల్లల్ని కోరుట్లకు తీసుకుపోయే ప్రైవేటు బడి వ్యాన్లు ఎదురయ్యేవి. ఆయన ఆగి, కిటికీల్లోంచి చూసే పిల్లలకు చెయ్యి ఊపేవారు. నాకు ఒళ్లు మండేది. "వాళ్లు మన బడిల లేరు గద సార్," అని ఒకసారి అడిగేశాను. "బడి మారిండ్రు గని ఊరు మారలే గద బిడ్డా," అన్నారు.

నోటుబుక్కు సంగతి చెప్పాలి. బడి మానేసిన పిల్లలకు టీసీ రాసేటప్పుడు అందులో కారణం రాసే గడి ఒకటి ఉంటుంది. అన్ని బళ్లలోనూ అక్కడ 'తల్లిదండ్రుల కోరిక మేరకు' అని రాసి సంతకం పెట్టేస్తారు. పెద్దసారు కూడా అదే రాసేవారు, గవర్నమెంటు కాగితం కాబట్టి. కానీ దాంతోపాటు బీరువాలోంచి అట్ట చిరిగిన పొడుగు నోటుబుక్కు తీసి, వచ్చిన తల్లినో తండ్రినో కూర్చోబెట్టి అసలు కారణం అడిగి, వాళ్ల నోటి మాటను ఉన్నదున్నట్టుగా అందులో రాసుకునేవారు. రాసింది చదివి వినిపించి మరీ పంపించేవారు. తర్వాత ఆ తప్పు సరిచేయగలిగితే, నోటుబుక్కు చంకలో పెట్టుకుని వాళ్లింటికి పోయి, ఆ వాక్యాన్ని వాళ్ల చేత్తోనే కొట్టేయించుకునేవారు. పిల్లలు తిరిగి బడికి వచ్చారా రాలేదా అన్నది వేరే సంగతి.

టైలర్ చాచా కూతురిది అలాగే జరిగింది. 'ఆడపిల్లల బాత్రూంకు తలుపు లేదు' అని చాచా రాయించాడు. నాలుగు నెలలకు తలుపు పడింది. ఆ రోజే పెద్దసారు చాచా దుకాణానికి పోయి మిషన్ మీద నోటుబుక్కు పెట్టారు. "అరే సారూ, గిదేంది? మా బిడ్డ మల్ల వస్తదని నేను అన్నానా?" అని చాచా కంగారు పడ్డాడు. "నువ్వు అనలే. తలుపు పెట్టినమా లేదా, గదొక్కటి సూసి చెప్పు." చాచా నిజంగానే దుకాణం మూసి, బడికొచ్చి, తలుపు గడియ రెండుసార్లు వేసి తీసి చూసుకుని, అప్పుడు కొట్టేశాడు. తర్వాతి ఏడు కూతుర్ని తిరిగి చేర్పించాడు.

నేను తొమ్మిదిలోకి వచ్చిన ఏడు మా అమ్మ కూడా టీసీకి వచ్చింది. బీడీల చాట పక్కన పెట్టి నేరుగా రావడంతో చేతుల నిండా తంబాకు వాసన. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

"ఎందుకు తీస్తున్నవో చెప్పు చెల్లె, రాసుకుంట," అన్నారు పెద్దసారు.

"ఏం చెప్పాలె సారు..."

"నా మొకం సూడకు. ఉన్నదున్నట్టు చెప్పు."

అమ్మకు మొహమాటం ఒక్క క్షణమే. "నా బిడ్డకు లెక్కలు రావు సారు. ఎనిమిది పాసైందని మీరు కాయితం ఇచ్చిండ్రు. నేను బడి మొకం సూడలే. గని దానికంటే నేనే మంచిగ లెక్కపెడుత."

ఆయన ఒక్క అక్షరం మార్చకుండా రాసి, చదివి వినిపించారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తర్వాత నన్ను దగ్గరికి పిలిచి ఏడో ఎక్కం అడిగారు. ఏడు మూళ్ల దగ్గరే ఆగిపోయాను. అమ్మ 'చూశారా' అన్నట్టు చూసింది. ఆయన కొంచెంసేపు పెన్ను తిప్పుతూ, "కట్టకు ఎన్ని బీడీలు బిడ్డా?" అన్నారు.

"ఇరవై అయిదు సార్."

"ఏడు కట్టలైతే?"

"నూట డెబ్బై అయిదు."

"పదమూడైతే?"

"మూడు వందల ఇరవై అయిదు."

చిన్నప్పటినుంచి అమ్మ పక్కన కూర్చుని కట్టలు కడుతున్నదాన్ని, నాకది లెక్క అని కూడా తెలియదు. పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి గట్టిగా నవ్వారు. "దీనికి లెక్కలొస్తయి చెల్లె. చెప్పుడు మాకే రాలే. ఒక్క ఏడు ఉంచు."

"ఒక్క ఏడే సారు," అంది అమ్మ. అలా నేను ఉండిపోయాను.

అప్పుడు మా బడికి లెక్కల సారు లేరు. పక్కూరి సారు వారానికి రెండు రోజులు వచ్చి పోయేవారు. పెద్దసారు చదివింది సోషల్. అయినా మిగతా రోజులు లెక్కలు ఆయనే చెప్పేవారు. రాత్రి గైడు ముందు పెట్టుకుని నేర్చుకుని, పొద్దున మాకు చెప్పేవారు. దాచుకునేవారు కూడా కాదు. ఒక రోజు ప్రార్థనలో అందరి ముందు నిలబడి, "నిన్న తొమ్మిదో తరగతికి చేసిచ్చిన లెక్క తప్పు. బోర్డు మీద నేనే తప్పు చేసిన. నోటుల దిద్దుకోండ్రి," అన్నారు. ఊళ్లో చాయ్ హోటల్ దగ్గర ఆ మాట వారం రోజులు నడిచింది. సార్లకే రాకపోతే పిల్లలకేం వస్తదని నవ్వుకున్నారు. ఆ మాట కూడా ఆయన నోటుబుక్కులో ఎక్కింది. చెప్పిన మనిషి టీసీ కోసం రాకపోయినా సరే.

నాకు మాత్రం ఆయన అన్నీ కట్టల్లోనే చెప్పారు. "నూరంటే ఎన్ని కట్టలు? నాలుగు. నాలుగుల మూడు కట్టలు తీస్తే డెబ్బై అయిదు. శాతం అంటే గంతే, భయపడేది ఏం లేదు." భిన్నాలు, నిష్పత్తులు అన్నీ అలాగే. కొంత ఎక్కింది, కొంత ఎక్కలేదు. బీజగణితం మాత్రం ఏ కట్టకూ లొంగలేదు.

పదో తరగతిలో అసలు గొడవ వచ్చింది. అంతకు ముందు ఏడు పక్క ఊరి బడికి నూటికి నూరు శాతం రిజల్టు వచ్చి, బస్టాండులో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మా ఊరి వాళ్లకు అది కంట్లో నలుసైంది. మా బడి కమిటీ చైర్మన్ ఈసారి మనకూ రావాలని పట్టుబట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. రిజల్టు బాగుంటే వ్యాన్లెక్కే పిల్లలు తగ్గుతారని, తగ్గకపోతే బడి మూతపడుతుందని అతని భయం. ప్రీ-ఫైనల్‌లో నేనొక్కదాన్నే లెక్కల్లో తప్పాను. చైర్మన్ ఆఫీసు గదిలోకి వచ్చి, నేను వరండాలో ఉన్నానని కూడా చూసుకోకుండా అన్నాడు.

"గా పొల్లకు హాజరు తక్కువున్నదని రాసి గీ ఏడు ఆపుండ్రి సారు. వచ్చే ఏడు రాస్తది. ఒక్కదాని కోసం ఊరు మొత్తం తల దించుకోవాల్నా?"

హాజరు తక్కువన్నది అబద్ధం కూడా కాదు. బీడీల పని ఎక్కువున్న రోజుల్లో నేను ఇంట్లోనే ఉండేదాన్ని. ఒక్క గీత గీస్తే సరిపోయేది. ఆపితే మళ్లీ ఏడు నేను బడికి వచ్చేదాన్ని కానని నాకు తెలుసు. అమ్మ మొదటే చెప్పింది, ఒక్క ఏడేనని. ఆ ఏడు ఎప్పుడో దాటిపోయింది.

"నూరు శాతం కోసం తొంభై తొమ్మిదో, నూరో లెక్కపెడుతున్నవ్ నువ్వు," అన్నారు పెద్దసారు నెమ్మదిగా. "నేను పిల్లల్ని లెక్కపెడుతున్న. ఆపితే గా పిల్ల ఇంట్ల కూసుంటది. గీ ఏడే రాస్తది. తప్పితే నా పేరు చెప్పు."

రాశాను. తప్పాను. లెక్కల్లో ఏడు మార్కులు తక్కువ. మా బ్యాచ్‌లో తప్పింది నేనొక్కదాన్నే.

ఇంకో ఘోరం ఏమిటంటే, రిజల్టుకు రెండు రోజుల ముందే చైర్మన్ జగిత్యాలలో ఫ్లెక్సీ కొట్టించాడు. 'నూటికి నూరు' అని ఎర్ర అక్షరాలు, పక్కన చేతులు జోడించిన చైర్మన్ ఫోటో. తొందరపాటుకు వేరే పేరు లేదు. రిజల్టు చూశాక ఆ ఫ్లెక్సీని చుట్టి బడిలో పడేసి పోయాడు. హోటల్ దగ్గర పెద్దసారును అనని మాట లేదు. నన్ను అన్నవి నేను రాయను. మూడు రోజులు నేను గడప దాటలేదు. అమ్మ నన్ను ఒక్క మాట అనకుండా బీడీలు చుట్టుకుంటూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

నాలుగో రోజు పెద్దసారు ఇంటికొచ్చారు. ఓదార్పు ఏమీ లేదు. "నెల రోజుల్ల సప్లిమెంటరీ ఉన్నది. రేపటి నుంచి బడికి రా, తాళం తీసిపెడుత," అన్నారు. వేసవి సెలవులు. ఎండలు మండుతున్నాయి. ఆయన రోజూ కోరుట్ల నుంచి బస్సులో వచ్చేవారు. మొదటి రోజు వరండాలో కూర్చోవడానికి ఏమీ లేక ఆ ఫ్లెక్సీ తీసి పరిచారు. నేను చైర్మన్ ఫోటో చూసి జంకి నిలబడ్డాను. "కూసో బిడ్డా. మంచి గట్టి షీటు, కొన్నేండ్లు వస్తది," అన్నారు. నెల రోజులు 'నూటికి నూరు' మీద కూర్చుని బీజగణితం నేర్చుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

సప్లిమెంటరీలో పాసయ్యాను. మార్కులు గొప్పవేం కావు. పెద్దసారు నోటుబుక్కు చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చి, అమ్మ ముందు తెరిచి, పెన్ను మూత తీసి అందించారు. అమ్మ పెన్ను పట్టుకోలేదు.

"పాసైంది సారు. లెక్కలు వచ్చినయా?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఊరంతా కలిసి అన్నదానికంటే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. పెద్దసారు మాత్రం కోపగించుకోలేదు. పెన్ను మూత పెట్టుకుని, "నువ్వు అడిగింది కరెక్టే చెల్లె. వచ్చినయని నీకు అనిపించిన రోజు కొట్టెయ్యి. నేను తొందరపెట్ట," అన్నారు. అన్నమాట ప్రకారం తొందర పెట్టలేదు కానీ, కోరుట్ల అంగట్లో అమ్మ ఎప్పుడు కనిపించినా, "ఏం చెల్లె, కొట్టేద్దామా?" అని అడిగేవారు. "ఇంకా లేదు సారు," అనేది అమ్మ. నా ఇంటర్ అయింది, పెళ్లయింది, సిరిసిల్లకు వచ్చాను, సూపర్‌వైజర్‌ని అయ్యాను. వాళ్లిద్దరి మధ్య ఆ మాట మాత్రం అలాగే నడిచింది. ఆయన రిటైరైనప్పుడు నోటుబుక్కును కొత్త హెడ్మాస్టరుకు ఇవ్వబోతే, గవర్నమెంటు రికార్డు కాదని తీసుకోలేదట. ఇంటికి తెచ్చుకున్నారు.

దినాల నాడు నేనూ అమ్మా కోరుట్ల పోయాం. ఇంటి ముందు వరండాలో ఒక చిన్న నల్లబల్ల ఉంది. రిటైరయ్యాక ఆదివారాలు చుట్టుపక్కల సర్కారు బడి పిల్లలకు అక్కడ లెక్కలు చెప్పేవారని సారు భార్య చెప్పింది. బల్ల మీద ఆయన చేతి రాత ఇంకా ఉంది. "దవాఖానకు పోయే ముందు రాసిండు. తుడువ బుద్ధి కాలే," అంది ఆమె. లోపలికి పోయి నోటుబుక్కు తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టింది. "అన్నీ కొట్టిపిచ్చుకొని వచ్చిండు గని, నీది ఒక్కటి నువ్వే కొట్టాలె అంటుండె."

అన్నీ కొట్టేసి లేవు. ఇప్పటికీ సరికానివి చాలానే ఉన్నాయి. ఆమెకు మా అమ్మదొక్కటే గుర్తుంది కాబోలు. నేను పేజీ వెతికి వాక్యం మీద వేలు పెట్టాను. అమ్మకు చదవడం రాదు. ఆమె చూపు బల్ల మీద ఉంది.

"గదేం రాసిండు సారు?"

చదివాను. ఒక బడిలో ఎనభై మంది పిల్లలు. డెబ్బై అయిదు శాతం పాసయ్యారు. తప్పినవాళ్లు ఎందరు?

పాసైనవాళ్లు ఎందరని అడగరు ఆయన. ఎప్పుడూ తప్పినవాళ్లనే అడుగుతారు. 'పాసైనోళ్లు కండ్ల ముందల్నే ఉంటరు బిడ్డా, తప్పినోళ్లనే వెతుక్కోవాలె' అనేవారు క్లాసులో.

"చేస్తవా?" అంది అమ్మ.

సుద్దముక్క తీసుకుని ఆయన రాత కింద చేశాను. ఇరవై అని రాసి దాని చుట్టూ సున్న చుట్టాను. అమ్మ సారు భార్య వైపు తిరిగి, "కరెక్టేనా అమ్మా?" అంది. "నాకేం తెల్సు చెల్లె, ఆయననే చెప్పాలె," అందామె. ఆ తర్వాత ఆమె కొంగు కళ్లకు పెట్టుకుంది.

"ఎట్ల వచ్చిందో నాకు చెప్పు," అంది అమ్మ.

"ఎనభైని నాలుగు కట్టలు కట్టమ్మా. మూడు కట్టలు పాసైనోళ్లు. ఒక్క కట్ట పక్కకు."

అమ్మ పెదాలు కదిలాయి. బీడీలు చుట్టి చుట్టి గట్టిపడ్డ వేళ్లు మోకాలి మీద ఒకటీ రెండూ అని ముడుచుకున్నాయి. "కట్టకు ఇరవై," అంది. కాసేపు బల్ల వైపే చూసి, "పెన్ను ఇయ్యి," అంది.

బీడీ ఆకు కత్తిరించే కత్తెర పట్టుకున్నట్టు పెన్ను పట్టుకుంది. నోటుబుక్కు మీదికి బాగా వంగి, ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా గీత లాగింది. గీత నేరుగా పోలేదు. చివరికి వచ్చేసరికి కిందికి జారి, కింద ఎవరిదో ఇంకా కొట్టెయ్యని మాటకు తగిలి ఆగింది.