పుక్కిలించి ఇచ్చిన ఉమ్మి

పటాన్‌చెరు దగ్గర ఒక చిన్న దవాఖానలో తెమడ పరీక్షలు చేసే నర్సింహులు తొంభై ఆరులో ముత్యమ్మకు మూడు చీటీలు రాసిచ్చాడు. మూడింటిలోనూ క్షయ లేదనే.

ఆమెది కర్దనూర్. మందుల కంపెనీలో ఊడ్చే పని. ఆ ఘాటు వాసనల్లో దగ్గనివాళ్ళు ఎవరు? ఆ చీటీలు చూసి డాక్టరు కూడా ఇది కంపెనీ గాలి దగ్గే అనుకుని ఎర్ర మందు సీసా ఇచ్చి పంపాడు. దగ్గు ఎనిమిది నెలలు నడిచింది.

ఒక పొద్దున నర్సింహులు నల్లా దగ్గరికి వెళ్తే, పరీక్షకు వచ్చిన ఒకామె బొగ్గుతో పళ్ళు తోమి, నాలుగుసార్లు పుక్కిలించి, తేటగా ఉన్న ఉమ్మిని డబ్బీలో వేస్తోంది. ఇదేమిటని అడిగితే, సార్ల చేతికి గలీజు ఎట్లా ఇస్తామంది. తమ ఊరి ముత్యమ్మక్క కూడా ఇట్లాగే ఇచ్చిందట, తనకూ ఇట్లాగే చెప్పిందట. మూడొందల ఏళ్ళ కిందట హాలండులో ఒక బట్టల వర్తకుడు తన పళ్ళ పాచినే గీకి, భూతద్దం కింద పెట్టి, పురుగుల్ని చూశాడని నర్సింహులు ఎక్కడో చదివాడు. ఆ వర్తకుడికి సిగ్గులేదు కాబట్టి సరిపోయింది. ఇక్కడ తాను మూడుసార్లూ శ్రద్ధగానే చూశాడు. ఊపిరితిత్తుల్లోంచి రావలసింది మాత్రం డబ్బీలోకి రానేలేదు.

ఆ మధ్యాహ్నమే సైకిలెక్కాడు. ముత్యమ్మ మంచంలో ఉంది, ఎముకలకు చీర చుట్టినట్టు. మళ్ళీ పరీక్ష అనగానే దిండు కిందనుంచి చీటీలు తీసింది.

“నువ్వే రాసిచ్చినవ్ గద సారూ, ఏం లేదని. ఇప్పుడు ఉన్నదంటె కంపెనీల ఉంచుకుంటరా?”

“నాకు కనపడలేదవ్వా, గంతే. నువ్విచ్చింది ఉత్త ఉమ్మి. దగ్గి లోపలిది తియ్యాలె.”

“కోడలి ముంగట గట్ల కక్కాలెనా?”

“నీది రోజూ ఎత్తిపోస్తున్నది నేనే గద అత్తా, నాకేం కొత్త?” అంది పొయ్యి దగ్గరున్న కోడలు కౌసల్య. అంటూనే దగ్గింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

ఎన్నాళ్ళనుంచని నర్సింహులు అడిగితే నెలన్నర అని మెల్లగా చెప్పింది. ఆమె ఏనాడూ కంపెనీ గేటు దాటిన మనిషి కాదు.

ముత్యమ్మ కోడలివైపు చూసింది. చీటీలు వదిలేసి డబ్బీకి చెయ్యి చాచింది. గోడవైపు తిరిగి పక్కటెముకలు కదిలిపోయేలా దగ్గింది. మూత పెట్టి, కొంగుతో తుడిచి, అతని చేతికిచ్చింది.

“ఇంకో డబ్బీ తెచ్చినవా సారూ?”